స్పీకర్ బాక్సు ఎన్ని లీటర్లు ఉండాలి? మూసిన పెట్టెనా, గొట్టం పెట్టెనా?

మా ఇంట్లో మొదటి స్పీకర్ బాక్సు మట్టికుండ. పాడైన టేప్‌రికార్డర్‌లోంచి నాన్న 6 అంగుళాల స్పీకర్ ఊడదీసి, కుండ మూతి మీద వెల్లకిలా కూర్చోబెట్టి, అంచు చుట్టూ గాలి పోకుండా బంకమట్టి మెత్తాడు. అంతవరకు సన్నగా కీచుమంటున్న స్పీకర్‌లోంచి మొదటిసారి తబలా ఎడమచేతి దెబ్బ వినపడింది. కొన్నేళ్లకు 8 అంగుళాల స్పీకర్ ఒకటి కొని, చెక్క రింగు చేయించి, అదే కుండ మీద పెట్టాం. పెద్ద స్పీకర్ కదా, ఇంకా బాగా మోగుతుందనుకున్నాం. ప్రతి పాటలోనూ ఒకేచోట గుంయ్‌మని మోత. దానికంటే కింది స్వరాలు ఏమీ లేవు. స్పీకర్ మంచిది కాదని అటక ఎక్కించారు.

ఆ స్పీకర్‌లో ఏ లోపమూ లేదు. చాలా ఏళ్ల తర్వాత రెండు స్పీకర్లనూ, కుండనూ కూర్చుని కొలిచాను. లీటరు సీసాతో నీళ్లు పోస్తే కుండలో 12 సీసాలు పట్టాయి. చిన్న స్పీకర్‌కు లెక్క ప్రకారం కావలసింది దాదాపు అంతే, 12 లీటర్లు. పెద్దదానికి కావలసింది 130 లీటర్లకు దగ్గర. చిన్నదానికి కుండ అతికింది, పెద్దదానికి ఊపిరాడలేదు.

అనంతపురంలో, చుట్టుపక్కల ఊళ్లలో సొంతంగా స్పీకర్లు చేసుకునే పిల్లలు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నా, 8 అంగుళాలకు ఎంత బాక్సు పెట్టాల?" అంగుళాలు చూసి దీనికి జవాబు చెప్పలేం. ఒకే 8 అంగుళాల సైజులో ఒక స్పీకర్ 15 లీటర్లు అడుగుతుంది, ఇంకోటి 130 అడుగుతుంది. జవాబు ప్రతి స్పీకర్‌కూ ఉండే మూడు అంకెల్లో ఉంటుంది. ఆ అంకెలు తెలిశాక గాలి పోయే దారి లేని మూసిన పెట్టె చేయాలా, గోడకు గొట్టం బిగించిన గొట్టం పెట్టె చేయాలా అన్నది మీ గదిని బట్టి, మీ ఓపికను బట్టి తేలుతుంది.

మూడు అంకెలు

మొదటిది ఎఫ్‌ఎస్. స్పీకర్‌ను ఏ పెట్టెలోనూ పెట్టకుండా చేతిలో పట్టుకుంటే దాని కోన్ (ముందున్న కాగితపు గరాటు) సహజంగా ఊగే వేగం, హెర్ట్జ్‌లలో, అంటే సెకనుకు ఎన్నిసార్లో. ఉయ్యాలను ఒకసారి తోసి వదిలేస్తే అది తన లయలో తాను ఊగినట్టు. రెండోది క్యూటీఎస్. ఆ ఊగడం ఎంత త్వరగా ఆగుతుందో చెప్పే అంకె. మాగ్నెట్ బలంగా ఉంటే 0.3 దగ్గర ఉంటుంది, కోన్ వెంటనే ఆగుతుంది. మాగ్నెట్ బలహీనంగా ఉంటే 0.7, ఒక్కోసారి 1 కూడా దాటుతుంది.

మూడోది వీఏఎస్. చాలామంది దీన్నే తప్పుగా అర్థం చేసుకుంటారు. దీన్ని లీటర్లలో చెబుతారు కాబట్టి ఇదే బాక్సు సైజు అనుకుంటారు. కాదు. సైకిల్ పంపు మూతిని వేలితో మూసి పిడిని నొక్కండి, చేతికి స్ప్రింగులా ఎదురు తంతుంది. మూసిన గాలి స్ప్రింగే. గాలి తక్కువైతే బిగువు స్ప్రింగు, ఎక్కువైతే మెత్తటి స్ప్రింగు. కోన్‌ను పట్టి ఉంచే సస్పెన్షన్‌కు ఎంత బిగువు ఉందో, సరిగ్గా అంత బిగువు ఇచ్చే గాలి ఎన్ని లీటర్లో అదే వీఏఎస్. బాక్సు లెక్క మొత్తం ఈ రెండు స్ప్రింగుల మధ్య పంచాయితీ: ఒకటి స్పీకర్‌లో ఉన్నది, ఇంకోటి మీరు బాక్సులో మూసి పెట్టేది.

గొట్టం పెట్టెకు అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో పనిచేసిన ఆల్బర్ట్ థురాస్ 1932లోనే పేటెంట్ పొందాడు. మూసిన పెట్టెలోని గాలినే ప్రధానమైన స్ప్రింగుగా వాడుకోవచ్చని ఎడ్గర్ విల్చర్ 1954లో అమెరికాలో చేసి చూపించాడు. అయినా కొలతల విషయంలో చాలాకాలం అందాజా పనే నడిచింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆ తర్వాత 1970ల మొదట్లో రిచర్డ్ స్మాల్ రాసిన పత్రాల వల్ల స్పీకర్ అంకెల నుంచి బాక్సు సైజును లెక్కగట్టడం మామూలు మనిషికి కూడా అందుబాటులోకి వచ్చింది. అందుకే ఈ అంకెలను థీల్-స్మాల్ పారామీటర్లు అంటారు. కంపెనీ స్పీకర్ కొంటే డేటాషీట్‌లో ఇవి ఉంటాయి. లేకపోతే ఇంట్లోనే కొలవొచ్చు, ఆ సంగతి కింద చెబుతాను.

ఈ వ్యాసమంతా ఒకే స్పీకర్‌ను ఉదాహరణగా పెట్టుకుందాం. 8 అంగుళాల ఊఫర్ (బేస్ పలికే స్పీకర్), ఎఫ్‌ఎస్ 38 హెర్ట్జ్, క్యూటీఎస్ 0.42, వీఏఎస్ 40 లీటర్లు. డేటాషీట్‌లో క్యూఈఎస్ అని ఇంకో అంకె ఉంటుంది, దీనికి 0.48. ఎఫ్‌ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగిస్తే 50 దగ్గర వచ్చిన స్పీకర్ మూసిన పెట్టెకు, 100 దగ్గర వచ్చినది గొట్టం పెట్టెకు నప్పుతుందని ఒక వాడుక లెక్క. మనది 79. ఎటైనా పోవచ్చు. పోల్చి చూడటానికి ఇలాంటిదే కావాలి.

మూసిన పెట్టె

స్పీకర్‌ను మూసిన పెట్టెలో పెట్టగానే గాలి స్ప్రింగు తోడై దాని క్యూటీఎస్ పెరుగుతుంది. పెట్టెలో వచ్చే ఆ కొత్త అంకెను క్యూ అందాం. పెరిగి ఎంత దగ్గర ఆగాలో మనమే నిర్ణయించుకోవాలి. 0.707 దగ్గర ఆగితే శబ్దం ఎక్కడా ఉబ్బకుండా సమంగా వచ్చి మెల్లగా కిందికి దిగుతుంది. లెక్క ఇది: మీకు కావలసిన క్యూను క్యూటీఎస్‌తో భాగించండి. వచ్చినదాన్ని దానితోనే హెచ్చించండి. అందులోంచి 1 తీసేయండి. ఆ వచ్చినదానితో వీఏఎస్‌ను భాగిస్తే బాక్సు లీటర్లు.

మన స్పీకర్‌కు 0.707 ÷ 0.42 = 1.683. దాని వర్గం 2.83. 1 తీసేస్తే 1.83. 40 ÷ 1.83 అంటే 22 లీటర్లు. పెట్టెలో కోన్ ఊగే కొత్త వేగం 38 × 1.683 = 64 హెర్ట్జ్. 0.707 దగ్గర మాత్రం, శబ్దం 3 డెసిబెళ్లు పడిపోయే చోటు (బేస్ ఇక్కడిదాకా వస్తుందని లెక్కకట్టే హద్దు) కూడా ఇదే అంకె అవుతుంది.

ఇక్కడే చాలామంది "సరే, 22 బదులు 38 లీటర్లు పెడితే బేస్ ఇంకా లోతుగా వస్తుంది కదా" అంటారు. నేనూ చాలాకాలం అలాగే నమ్మాను. లెక్క చేసి చూడండి. 38 లీటర్లలో క్యూ 0.6 అవుతుంది, 3 డెసిబెళ్లు పడే చోటు 66 హెర్ట్జ్. 11 లీటర్లలో క్యూ 0.9, పడే చోటు 68 హెర్ట్జ్. అంటే 11, 22, 38 లీటర్లు మూడింట్లోనూ ఆ చోటు దాదాపు ఒకటే! పెట్టె మూడింతలు పెరిగినా అక్కడ 4 హెర్ట్జ్‌కు మించి తేడా లేదు.

తేడా ఇంకోచోట ఉంటుంది. 11 లీటర్ల పెట్టెలో శబ్దం పడిపోయే ముందు ముప్పావు డెసిబెల్ ఉబ్బుతుంది, ఆ తర్వాత నిటారుగా కిందికి పోతుంది. 40 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 12 డెసిబెళ్లు తగ్గి ఉంటుంది. 22 లీటర్లలో అదే 40 హెర్ట్జ్ దగ్గర తగ్గేది 9కి లోపే. 38 లీటర్లలో 8కి లోపు. అంటే 11 నుంచి 22కు పోతే 3 డెసిబెళ్లు దక్కుతాయి, 22 నుంచి 38కి పోతే ఒక్కటే. ఆ ఒక్క డెసిబెల్ కోసం గదిలో అంత చోటు, అంత చెక్క పెట్టడం నాకు సమంజసంగా అనిపించదు. చోటు లేనివాళ్లు 15 లీటర్లకు దిగినా నేను వద్దనను, అక్కడ క్యూ 0.8 వస్తుంది, సినిమా పాటలకు ఆ కొంచెం నిండుదనం చెవికి ఇంపుగానే ఉంటుంది. క్యూ 1 దాటితే మాత్రం మా కుండ కథే. అటకెక్కిన ఆ స్పీకర్ క్యూటీఎస్ 0.6, వీఏఎస్ 50. 12 లీటర్ల కుండలో దాని క్యూ 1.36కు చేరింది, ఒకేచోట 3 డెసిబెళ్లకు పైగా ఉబ్బింది. మేం విన్న గుంయ్‌మనే మోత అదే.

గొట్టం పెట్టె

ఖాళీ సీసా మూతి మీద ఊదితే హూమ్మని ఒకే స్వరం పలుకుతుంది. సీసా మెడలోని గాలి బరువుగా, లోపలి గాలి స్ప్రింగుగా ఊగుతాయి. పెట్టెకు గొట్టం పెట్టడమంటే ఇదే. కోన్ వెనక్కి తోసిన గాలి వృథా కాకుండా, గొట్టంలోని గాలిని సరైన వేగంలో ఊపి, కోన్‌కు చేతకాని లోతు స్వరాలను అది పలికేలా చేస్తాం.

లెక్క కొంచెం ముదురు. క్యూటీఎస్‌ను 2.87వ ఘాతానికి పెంచి, 15తో, వీఏఎస్‌తో హెచ్చిస్తే పెట్టె లీటర్లు. చాలా ఫోన్లలో కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే ఘాతాల బటన్ కనిపిస్తుంది. మన స్పీకర్‌కు 50 లీటర్లు వస్తుంది. గొట్టాన్ని ఏ వేగానికి కట్టాలంటే, 0.42ను ఎఫ్‌ఎస్‌తో హెచ్చించి, క్యూటీఎస్‌ను 0.9వ ఘాతానికి పెంచి దానితో భాగించాలి. ఇక్కడి 0.42 సూత్రంలోనిది, మన స్పీకర్ క్యూటీఎస్ కూడా అంతే కావడం కాకతాళీయం. వచ్చేది 35 హెర్ట్జ్. ఇలా కడితే శబ్దం 3 డెసిబెళ్లు పడే చోటు దాదాపు 33 హెర్ట్జ్ అవుతుంది.

మూసిన పెట్టెలో 64, ఇందులో 33. దాదాపు ఒక స్థాయి (ఆక్టేవ్) మొత్తం కిందికి దిగింది, మధ్యమ స్థాయి నుంచి మంద్ర స్థాయికి దిగినట్టు. అదే స్పీకర్, అదే ఆంప్లిఫయర్. గొట్టం పెట్టె అంటే జనం ఎందుకు పడి చస్తారో ఈ రెండు అంకెలే చెబుతాయి.

కానీ ఆ లాభం ఊరికే రాదు. మొదటి ఖర్చు చోటు. మూసిన పెట్టెలు రెండు చేస్తే 8×4 అడుగుల ప్లైవుడ్ షీటులో సగానికి లోపే సరిపోతుంది. 50 లీటర్ల పెట్టెలు రెండంటే కోతల్లో పోయేది కూడా కలిపి షీటు మొత్తం కొనుక్కోక తప్పదు. రెండోది, శబ్దం పడిపోవడం మొదలయ్యాక ఇది రెట్టింపు నిటారుగా పడుతుంది: మూసిన పెట్టెలో ఒక స్థాయికి 12 డెసిబెళ్లు, ఇందులో 24. మూడోది, అసలు ప్రమాదం: 35 హెర్ట్జ్‌కు దిగువన గొట్టం తలుపు తీసి పెట్టినట్టే. లోపల గాలి స్ప్రింగు ఉండదు, కోన్‌ను పట్టుకునేవాడు ఉండడు. ఈమధ్య పాటల్లో 30 హెర్ట్జ్‌కు దిగువ గుద్దులు మామూలైపోయాయి. వాల్యూమ్ పెంచి అలాంటిది ఒకటి వేస్తే వాయిస్ కాయిల్ (కోన్‌ను ఊపే తీగచుట్ట) వెనక ప్లేటుకు టక్కున కొట్టుకునే చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాడు ఆంప్లిఫయర్‌లో దిగువ స్వరాలను కోసే ఫిల్టర్ పెట్టకుండా గొట్టం పెట్టె జోలికి పోడు.

గొట్టం పొడవు దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. లోపలి వ్యాసాన్ని సెంటీమీటర్లలో కొలిచి వర్గం చేసి, 23562తో హెచ్చించాలి. దాన్ని, గొట్టం వేగం వర్గాన్నీ పెట్టె లీటర్లనూ హెచ్చిస్తే వచ్చిన దానితో భాగించాలి. చివరగా వ్యాసంలో 0.73 వంతు తీసేయాలి, ఎందుకంటే గొట్టం కొసల బయట ఉన్న గాలి కూడా కొంత దానితోపాటు ఊగుతుంది. బాత్‌రూమ్ పనికి వాడే 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు లోపల సుమారు 7 సెంటీమీటర్లు ఉంటుంది. మన పెట్టెకు దానితో 14 సెంటీమీటర్ల ముక్క చాలు. 110 పైపు పెడితే గాలి సులువుగా పోతుంది, గట్టిగా పెట్టినా ఫుస్ ఫుస్ చప్పుడు రాదు, కానీ పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు కావాలి. పెట్టె లోతు అంత లేకపోతే మధ్యలో ఎల్బో వేసి మడవాలి.

తప్పు జరిగితే ఏది నిలబడుతుంది

నా దృష్టిలో రెండింటికీ అసలు తేడా ఇక్కడే. మూసిన పెట్టెలో 22 లీటర్లు అనుకుని పొరపాటున 20 చేశారనుకోండి, క్యూ 0.707 బదులు 0.73 అవుతుంది. చెవికి తెలియదు. 14 లీటర్లే చేసినా 0.83, పాటలు హాయిగా వినొచ్చు.

గొట్టం పెట్టెలో అలా కాదు. "50 లీటర్లు ఎక్కడ పెడతాం, 25 చేద్దాం, గొట్టం మాత్రం నువ్వు చెప్పిందే" అని ఒక తమ్ముడు ధర్మవరం నుంచి ఫోన్ చేశాడు. 14 సెంటీమీటర్ల ముక్కను 25 లీటర్ల పెట్టెలో పెడితే అది 35 కాదు, 49 హెర్ట్జ్‌లో పలుకుతుంది. అక్కడ ఉబ్బి, దాని కింద కోన్ గాలికి వదిలేసినట్టవుతుంది. స్పీకర్ అంకెలు డేటాషీట్‌లో చెప్పినదానికి పది శాతం అటూఇటూ ఉండటం మామూలే. ఆ తేడాను మూసిన పెట్టె మింగేస్తుంది, గొట్టం పెట్టె బయటపెడుతుంది. కాబట్టి అంకెలు నమ్మకంగా తెలియని స్పీకర్‌కు నేను మూసిన పెట్టే చెబుతాను.

ఎక్కడ మోగాలి

మా హాలు 12 అడుగుల పొడవు, పైన కాంక్రీటు స్లాబు. అంత పొడవు గదికి దాదాపు 47 హెర్ట్జ్ దగ్గర మొదటి అనునాదం ఉంటుంది, అంటే గది తనంతట తాను మోగే స్వరం. అంతకంటే లోతు స్వరాలకు గది మొత్తం ఒక పెద్ద పెట్టెలా పనిచేసి శబ్దాన్ని కొంత పెంచుతుంది. మూసిన పెట్టెలో శబ్దం మెల్లగా దిగుతున్నచోటే గది చేయూతనిస్తుంది, రెండూ కలిసి నేను కాగితం మీద చూసినదానికంటే లోతుగా వినిపిస్తుంది. అదే చోట 33 హెర్ట్జ్‌దాకా సమంగా వచ్చే గొట్టం పెట్టెను మూలన పెడితే బేస్ బరువెక్కి మాట మీద కూర్చుంటుంది. మన ఎండాకాలం రాత్రుల్లో తలుపులు, కిటికీలు బార్లా తీసి పెట్టినప్పుడు ఈ గది సాయం చాలావరకు బయటికి పోతుంది, ఆ తేడా చెవికే తెలుస్తుంది.

కాబట్టి హాలులో పాటలు, టీవీ, భజనలు వినడానికి 22 లీటర్ల మూసిన పెట్టె. ఇదే నా సలహా, ఇదే మా ఇంట్లో ఉంది.

ఆరుబయట లెక్క వేరు. పెళ్లి పందిట్లో, పీర్ల పండగ గుండం దగ్గర, ట్రాక్టర్ మీద గోడలు లేవు, కప్పు లేదు, సాయం చేసేవాళ్లు ఎవరూ లేరు. అక్కడ గొట్టం పెట్టే కావాలి. ఇంటి ఊఫర్ కాకుండా క్యూటీఎస్ 0.3 దగ్గర ఉన్న పీఏ స్పీకర్ (సభలకు, పందిళ్లకు వాడేది) తీసుకోండి. లోతు గురించి 45, 50 హెర్ట్జ్ దగ్గరే ఆశ వదులుకోండి. డప్పు దెబ్బ గుండెకు తగలడానికి అది చాలు, దానికంటే దిగువకు పోవాలని చూస్తే గట్టిదనం పోతుంది.

కారులో మూసిన పెట్టె. క్యూటీఎస్ 0.7 దాటిన పాత రేడియో స్పీకర్లకు ఏ పెట్టే వద్దు, వెడల్పాటి పలకకు బిగించి వెనక తెరిచి ఉంచండి, గొంతు బాగుంటుంది. బ్యాండ్‌పాస్, ట్రాన్స్‌మిషన్ లైన్ లాంటి చిక్కు రకాలు మొదటి పెట్టెగా చేయొద్దు. ఒకే పెట్టెలో రెండు స్పీకర్లు పెడితే వీఏఎస్ రెట్టింపు అవుతుంది, పెట్టె కూడా రెట్టింపు చేయాలి.

అంకెలు తెలియని స్పీకర్

బెంగళూరు ఎస్పీ రోడ్డులో తూకం లెక్కన అన్నట్టు దొరికే స్పీకర్లకు డేటాషీట్ ఉండదు. వాటిని కొలవడానికి ఒక సాయంత్రం చాలు. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్, ఏదో ఒక ఆంప్లిఫయర్, 1000 ఓముల రెసిస్టర్, 10 ఓముల రెసిస్టర్, మల్టీమీటర్ కావాలి. మీటర్ ఏసీని మిల్లీవోల్టుల్లో చూపాలి. 200 వోల్టుల ఏసీ రేంజితో మొదలయ్యే చవక మీటర్ దీనికి పనికిరాదు, ఈ సంగతి తెలియక నేను ఒక రోజంతా సున్నా చూస్తూ కూర్చున్నాను.

ఆంప్లిఫయర్ నుంచి 1000 ఓముల రెసిస్టర్ ద్వారా ముందు 10 ఓముల రెసిస్టర్‌కు కలపండి. దాని మీద 10 మిల్లీవోల్టులు చూపేలా వాల్యూమ్ పెట్టి, ఇక దాన్ని కదపకండి. ఇప్పుడు 10 ఓముల స్థానంలో స్పీకర్ పెడితే మీటర్ చూపే మిల్లీవోల్టులే దాదాపు ఓములు. టోన్‌ను 20 హెర్ట్జ్ నుంచి పైకి జరుపుతూ పోండి. అంకె ఎక్కి ఎక్కి ఒకచోట శిఖరానికి చేరి దిగుతుంది. మన ఉదాహరణ స్పీకర్ అయితే 38 హెర్ట్జ్ దగ్గర 48 ఓములు. అదే ఎఫ్‌ఎస్. టోన్ ఆపి, వైర్లు విప్పి, మామూలు ఓముల రేంజిలో కాయిల్‌ను కొలిస్తే 6 ఓములు. 48లో 6 ఎన్నిసార్లు? 8. దాని వర్గమూలం 2.83, అంటే 6 × 2.83 = 17 ఓములు. శిఖరానికి అటూఇటూ మీటర్ 17 చూపే చోట్లు వెతకండి: 25, 57 హెర్ట్జ్ దగ్గర దొరుకుతాయి. వాటి మధ్య 32. ఇప్పుడు 38 × 2.83 ÷ 32 = 3.36. దాన్ని 8తో భాగిస్తే 0.42, అదే క్యూటీఎస్.

వీఏఎస్‌కు ఎన్ని లీటర్లో తెలిసిన ఒక గట్టి పెట్టె కావాలి. ఇక్కడ కుండ మళ్లీ పనికొస్తుంది. ప్లాస్టిక్ బకెట్ గోడలు ఉబ్బుతాయి, కుండ గోడ కదలదు. 20 లీటర్ల కుండ మీద స్పీకర్‌ను గాలి పోకుండా బిగిస్తే శిఖరం 38 నుంచి 66కు జరుగుతుంది. 66 ÷ 38 వర్గం సుమారు 3, 1 తీసేస్తే 2, 20తో హెచ్చిస్తే 40 లీటర్లు. విన్‌ఐఎస్‌డీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ అంకెలు ఇస్తే పెట్టె మార్చిమార్చి గీతలు చూసుకోవచ్చు. అయినా ఒక్కసారి కాగితం మీద చేయండి. ఏ అంకె దేన్ని ఎటు లాగుతుందో చేతికి తెలుస్తుంది.

చెక్క దగ్గర

లెక్క కట్టి చేయించిన నా మొదటి పెట్టె 22 లీటర్లది. స్పీకర్ వెనక భాగం లోపల ఒక లీటరు ఆక్రమిస్తుంది, అడ్డపట్టీలు అర లీటరు, కాబట్టి 23.5 లీటర్లు అని 24, 25, 39 సెంటీమీటర్లు చీటీ మీద రాసి ఆచారికి ఇచ్చి వచ్చాను. పెట్టె ముచ్చటగా చేశాడు. అంచులు ఎక్కడా వెంట్రుక దూరే సందు లేదు. కొలిస్తే బయట సరిగ్గా 24, 25, 39 ఉంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ప్రతి వైపూ రెండుసార్లు తినేసింది. లోపల మిగిలింది 20.4, 21.4, 35.4, అంటే 15.5 లీటర్లు. మూడో వంతు చెక్కకే పోయింది. లోపలి కొలత అని నేను రాయలేదు, అతను అడగలేదు. ఇప్పుడు ఏ చీటీ మీదైనా మొదటి మాట "లోపల" అని రాసి దాని కింద రెండు గీతలు గీస్తాను. సరైన పెట్టె బయటి కొలత 27.6, 28.6, 42.6.

మూడు వైపులూ సమానంగా ఉన్న చదరపు పెట్టె చేయొద్దు. అనునాదాలు మూడూ ఒకే స్వరం మీద పడి మాటను పాడుచేస్తాయి. పార్టికల్ బోర్డు వద్దు, ఒక్క వానాకాలం తడి తగిలితే అంచులు పొంగి స్క్రూలు వదులైపోతాయి. కడప బండలతో పెట్టె చేస్తే ఎలా ఉంటుందని ప్రొద్దుటూరు నుంచి ఒకరు అడిగారు. చదరపు అడుగు, 20 మిల్లీమీటర్ల మందం ఉన్న బండ దాదాపు 5 కిలోలు తూగుతుంది. కదలదు నిజమే, కానీ గంటలా తన స్వరం తాను పలుకుతుంది, గుండ్రంగా కోయడం కష్టం. బండను పెట్టె కిందికి పీటగా వాడండి, దానికి మించింది లేదు.

పెట్టె పూర్తయ్యాక లోపల నిజంగా ఎన్ని లీటర్లో తేల్చుకోవడానికి మా ఇంట్లో బొరుగులు వాడతాం. స్పీకర్ రంధ్రం పైకి ఉండేలా పెట్టి, లీటరు డబ్బాతో కొలిచి, అదమకుండా పోయడమే. తేలిక, చెక్కకు తడి తగలదు, అయ్యాక ఉగ్గాణికి పనికొస్తాయి.

తర్వాత దిండ్లలో నింపే పాలియెస్టర్ దూదిని వదులుగా పరచండి. మన ఆదోని పత్తి ఎంత మంచిదైనా పెట్టెలో తేమ పీల్చి ముద్దకడుతుంది. దూది నింపిన పెట్టె స్పీకర్‌కు పది శాతం దాకా పెద్దదిగా అనిపిస్తుంది, కాబట్టి కొలత కొంచెం తగ్గినవాళ్లకు ఇదొక ఆసరా. గొట్టం పెట్టె అయితే గోడలకు మాత్రమే అంటించండి, గొట్టం లోపలి కొసకు ఎదురుగా ఏమీ పెట్టొద్దు.

చివరగా, మూసిన పెట్టె నిజంగా మూసుకుందో లేదో చూడాలి. రెండు చేతుల వేళ్లతో కోన్‌ను మెత్తగా, సమంగా లోపలికి నొక్కి వదలండి. గాలి పోని పెట్టెలో అది ఒక క్షణం ఆలోచించినట్టు మెల్లగా తిరిగి వస్తుంది. వెంటనే టప్పున వచ్చేస్తే ఎక్కడో సందు ఉంది. 30 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపేసి, ఊదొత్తి వెలిగించి అంచుల వెంబడి, స్క్రూల చుట్టూ, వైరు దూరిన రంధ్రం దగ్గర నెమ్మదిగా తిప్పండి. పొగ గీత వణికిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి సిలికాన్ పూయండి. మన మే నెల ఎండకు చెక్క ఆరి కుంచించుకుంటుంది, కొత్త పెట్టె అయితే ఒక వేసవి గడిచాక ఊదొత్తి ఇంకోసారి తిప్పండి.